ఫైల్లో ఒక మాట

పుంటా అరేనస్‌లో చెట్లు
గాలికి ఒకపక్కకి ఒరిగే బతుకుతాయి.
ఇవాళ నేను మాత్రం నిటారుగా నిలబడ్డాను,
పాలపంపుకీ నా బిడ్డకీ మధ్య.
ఎంతోసేపు కాదు, నాలుగు నిమిషాలు.

కొత్త డాక్టరు కుర్రాడు మర్యాదస్తుడే.
"అంకెలన్నీ బాగున్నాయమ్మా,
పాలు రెండు మిల్లీలీటర్లు పెంచుతున్నాం" అన్నాడు
అయెలెన్ వైపు కాదు, తెర వైపు చూస్తూ.
తెర మీద తొంభై మూడు. పచ్చరంగు.
పచ్చరంగంటే అందరికీ నమ్మకం.

"వద్దు" అన్నాను.
ఆ ఒక్క మాట నోటిదాకా రావడానికి
డెబ్బై ఒక్క రోజులు పట్టింది.

మొదట్లో అన్నిటికీ తలూపేదాన్ని.
మడమకి సూది గుచ్చుతామంటే తలూపాను,
గొట్టం మారుస్తామంటే తలూపాను,
మీరు బయట కూర్చోండంటే
బయట బల్ల మీద కూర్చుని గోడకి కూడా తలూపాను.
అంత చదువుల ముందు
పీతల ఫ్యాక్టరీ మనిషికి నోరెక్కడ పెగుల్తుంది?

కానీ పదకొండేళ్లు నా పని ఇదే:
జలసంధి నించి దిగిన తట్టల్లో
బతికున్న పీతనీ
బతికున్నట్టున్న పీతనీ వేరు చెయ్యడం.
రంగు ఏమీ మారదు. కాళ్లూ ఆడుతుంటాయి.
అయినా పోబోయేది
చిట్టచివరి కీలు దగ్గర మందగిస్తుంది.
కంటికి అందదు. వేలికి తెలుస్తుంది.

నా పిల్ల బరువు కేజీ ఆరువందలు,
ఓ మోస్తరు పీతంత.
వేలు ఆనిస్తే చాలు,
కాలివేళ్లు ముడుచుకుని పట్టుకుంటుంది.
ఇవాళ పట్టుకోలేదు.

అది చెబితే వింటారా?
"పొట్ట కొలవండి" అన్నాను.
"పొద్దున కొలిచారు కదమ్మా."
"మళ్లీ కొలవండి."
గొంతు నాది కాదనిపించింది,
రేవులో ధర దగ్గర పట్టు విడవని మా అమ్మది.

నెల్దా ఏమీ అనకుండా
జేబులోంచి టేపు తీసింది.
ముప్ఫై ఏళ్లుగా రాత్రి డ్యూటీలు చేసిన చేతులు.
ఒకసారి కొలిచింది. రెండోసారీ కొలిచింది.
రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువ.
వేలితో నొక్కి చూసింది.
చర్మం డోలు మీద తోలులా బిగిసి ఉంది.

ఇక అందరికీ కాళ్లొచ్చాయి.
పాలు ఆగాయి. ఎక్స్‌రే మెషీను
చక్రాల మీద దడదడలాడుతూ వచ్చింది.
నన్ను బయటికి పొమ్మని ఎవరూ అనలేదు.
అన్నా పోయేదాన్ని కాదు.

తెర మాత్రం ఇంకా తొంభై మూడే అంటోంది.

తెల్లారుజామున పేగు గురించి చెప్పారు:
తొందరగా దొరికింది, కోత అక్కర్లేకపోవచ్చు.
"పోవచ్చు" అన్న ముక్కని
నేను గుక్కెడు నీళ్లతో మింగాను.

అప్పుడు చూశాను, తెరిచి వదిలేసిన ఫైలు.
నా కూతురి పేరు కింద, మొదటి వరుసలోనే:
తల్లికి ఆందోళన ఎక్కువ.

కుర్రాణ్ణి పిలిచాను.
"ఇది మార్చండి."
"అది తిట్టు కాదండీ" అన్నాడు, చెవులు ఎర్రబడి.
"తెలుసు. కానీ రేపు డ్యూటీకొచ్చేవాళ్లు
ముందు ఆ మాట చదువుతారు,
తర్వాత నా మాట వింటారు.
ఈలోపు నా పిల్ల ఆగాలి కదా."

"మరేం రాయమంటారు?"

ఆ ప్రశ్న వస్తుందనుకోలేదు.
కిటికీకి గాలి కొడుతోంది.
కింద బస్సులో ఫ్యాక్టరీ ఉదయపు షిఫ్టు
నేను లేకుండానే వెళ్తోంది.

"తల్లి ముందు కనిపెట్టింది
అని రాయండి. టైము కూడా వెయ్యండి."

పాతమాట కొట్టెయ్యలేదు.
దాని కిందే రాశాడు, చిన్న అక్షరాలతో:
రాత్రి రెండూ పది.

నా దగ్గరా ఒక ఫైలుంది,
చదరాల స్కూలు నోటుబుక్కు.
మూడు రోజులుగా అందులో
పాలు: సున్నా. పాలు: సున్నా. పాలు: సున్నా.
ఈ పొద్దున పక్కన ఇంకో గడి గీశాను.

కాలివేళ్లు: పట్టు, కొంచెం. కుడికాలు మాత్రమే.